నీళ్లూ కాదు, నేలా కాదు: మెరైన్ల టైర్ల బండికి అసలు పరీక్ష ఎక్కడ?

టైర్ల బండితో యుద్ధమా? ఒక్క తూటా తగిలితే పంక్చర్ కాదా? సముద్రంలోంచి ఇసుకలోకి ఎక్కాల్సిన బండికి చైన్ ఉండాలి గానీ టైర్లేంటి? అమెరికా మెరైన్ల కొత్త కవచ వాహనం వీడియోలు చూసినప్పుడు మన కుర్రాళ్లకు వచ్చే అనుమానాలివి. హనుమకొండ, కరీంనగర్ గ్రౌండ్లలో ఆర్మీ సెలెక్షన్ల కోసం పొద్దున్నే పరుగులు తీసేవాళ్లకైతే మరీను. మంచి ప్రశ్నలే, సూటి జవాబులూ ఉన్నాయి. కానీ ఆ జవాబుల వెంట కొంచెం దూరం పోతే ఒడ్డు దగ్గర ఆగిపోతాం. ఈ బండి తయారీలో ఉన్న కష్టమంతా అక్కడే ఉంది.

ముందు బండి సంగతి. పేరు ఆంఫిబియస్ కాంబాట్ వెహికల్, పొట్టిగా ఏసీవీ. ఎనిమిది చక్రాలు, ఎనిమిదింటికీ ఇంజన్ బలం అందుతుంది. పొడవు దాదాపు 9 మీటర్లు, బరువు సుమారు 32 టన్నులు, ఇంజన్ 690 హార్స్‌పవర్. నడిపే సిబ్బంది ముగ్గురు, వెనక కూర్చునే మెరైన్లు 13 మంది. ఇటలీకి చెందిన ఇవెకో రూపొందించిన సూపర్‌ఏవీ దీనికి మూలం. బీఏఈ సిస్టమ్స్ కంపెనీ ఇవెకోతో కలిసి అమెరికా కోసం దాన్ని మలిచింది. 2018 జూన్‌లో మెరైన్ కోర్ దీన్ని ఎంపిక చేసింది. ఆ పోటీలో చివరి దాకా నిలిచిన రెండో బండి కూడా ఎనిమిది చక్రాలదే. అంటే చక్రాలు కావాలన్న నిర్ణయం అంతకుముందే జరిగిపోయింది.

మెరైన్లంటే నౌకాదళంతో పాటు ఓడల మీద తిరిగి, అవసరమైన చోట తీరంలో దిగి పోరాడే పదాతి సైనికులు. మన దేశంలో అలా విడిగా మెరైన్ దళం లేదు. ఆ పని కోసం సైన్యంలోనే కొన్ని బ్రిగేడ్లకు శిక్షణ ఇస్తారు. తిరువనంతపురంలోని 91వ పదాతి బ్రిగేడు అలాంటిదే.

ఇక టైర్లు మేలా, చైన్ మేలా? ఈ లెక్క మన దగ్గర వరి పండించే రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోతల టైములో పొలం ఆరి గట్టిగా ఉంటే టైర్ల హార్వెస్టర్ చాలు. మడిలో తడి ఉంటే అది దిగబడుతుంది, కిరాయి ఎక్కువైనా చైన్ మిషన్‌నే పిలవాలి. కానీ అదే చైన్ మిషన్ పక్క ఊరికి పోవాలంటే లారీ ఎక్కించాలి. టైర్లది తనంతట తానే రోడ్డెక్కి పోతుంది. చైన్ బరువును ఎక్కువ చోటు మీద పరుస్తుంది కాబట్టి బురదలో, ఇసుకలో దానిదే పైచేయి. రోడ్డు మీద మాత్రం అది డీజిల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది, మరమ్మతులు ఎక్కువ.

మెరైన్లు ఈ లెక్క వేసుకున్నది ఇరాక్‌లో. అప్పటిదాకా వాళ్ల ప్రధాన వాహనం ఏఏవీ అనే చైన్ బండి. 1972లో వాడుకలోకి వచ్చింది. సముద్రంలోంచి ఒడ్డుకు చేరడానికి తయారైన ఆ బండినే 2003లో ఎడారి దాటించి బాగ్దాద్ దాకా తీసుకుపోయారు. దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది. 2005 ఆగస్టు 3న హదీసా దగ్గర రోడ్డు కింద పెట్టిన బాంబు ఒక ఏఏవీ అడుగున పేలి 14 మంది మెరైన్లు, వాళ్లతో ఉన్న దుబాసీ చనిపోయారు. తీరంలో దిగే పని కొన్ని గంటలది, ఆ తర్వాత నెలల తరబడి నేల మీదే తిరగాలి, చావు నేల కిందే పొంచి ఉంది. ఈ అనుభవమే కొత్త బండి ఆకారాన్ని చాలావరకు తేల్చింది.

అందుకే ఏసీవీ అడుగు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఉంటుంది, పేలుడు ధాటి పక్కలకు చెదిరిపోయేలా. లోపలి సీట్లు నేలకు బిగించి ఉండవు, కుదుపును మింగేలా వేలాడతాయి. మందుపాతర పేలి ఒక చక్రం ఊడిపోయినా మిగతావాటితో బండి కదిలి బయటపడే అవకాశం ఉంది. చైన్ ఒక్క చోట తెగితే బండి అక్కడే కూలబడుతుంది. టైరులో గాలి పోయినా లోపలి గట్టి రింగు మీద కొంత దూరం నడుస్తుంది. ఇసుకలోకి దిగేటప్పుడు డ్రైవరు సీట్లోంచే టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు. దాంతో టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, చైన్‌కు ఉన్న లాభంలో కొంత దీనికీ దక్కుతుంది. రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. ఒకసారి ట్యాంకు నింపితే 500 కిలోమీటర్లకు పైగా పోతుంది, అంటే హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయి, తిరిగొచ్చి, మళ్లీ పోవచ్చు. కాబట్టి పంక్చర్ గురించి టెన్షన్ అక్కర్లేదు.

చక్రాలు మెరైన్లకు పూర్తిగా కొత్త కూడా కాదు. ఎల్‌ఏవీ-25 అనే ఎనిమిది చక్రాల తేలికపాటి బండిని 1980ల నుంచి గస్తీకి వాడుతున్నారు. రష్యా నౌకాదళ పదాతి సైనికులకు ఉన్నది బీటీఆర్-82ఏ, అదీ ఎనిమిది చక్రాలదే. 30 ఎంఎం తుపాకీ, 15 టన్నుల పైచిలుకు బరువు, నీళ్లలో గంటకు 10 కిలోమీటర్ల వేగం. ఇంజన్ వెనకపక్క ఉండటంతో సైనికులు పక్క తలుపుల్లోంచి దూకాల్సి వస్తుంది, అది దాని పెద్ద లోపం. స్పెయిన్, బ్రెజిల్ మెరైన్లు స్విట్జర్లాండ్ మూలమున్న పిరాన్యా బండ్లు వాడతారు. చైనా మెరైన్ల దగ్గర చైన్ బండ్లూ ఉన్నాయి, చక్రాలవీ ఉన్నాయి. పేరుకు ఇవన్నీ ‘నీళ్లలో నడిచేవే’. అయితే చెరువు దాటడం వేరు, నడిసముద్రంలో ఓడ దిగి అలల్ని తోసుకుంటూ రావడం వేరు. ఎల్‌ఏవీ-25 నిలకడ నీళ్లలో ఈదగలదు, తీరంలో దించాలంటే మాత్రం ల్యాండింగ్ క్రాఫ్ట్ అనే పడవ మోసుకు రావాలి. ఏసీవీని ఓడ లోంచే నేరుగా సముద్రంలోకి వదులుతారు.

32 టన్నుల ఇనుము ఎలా తేలుతుంది? తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోయగలిగితే ఏదైనా తేలుతుంది. 32 టన్నులకు దాదాపు 31 ఘనపు మీటర్ల సముద్రపు నీరు కావాలి. ఎండాకాలం మన కాలనీలకు వచ్చే 5 వేల లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్ల లెక్కన ఆరింటికి పైగా. బండి అంత చోటును నీటి కింద ఆక్రమించాలి, అందులో ఎక్కువ భాగం గాలి ఉండాలి. అందుకే ఈ బండ్లు చూడటానికి పెద్ద డబ్బాల్లా ఉంటాయి. కవచం మందం పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే డబ్బా కూడా పెరగాలి, డబ్బా పెరిగితే శత్రువుకు గురి తేలికవుతుంది. పైన టరెట్ (తిరిగే తుపాకీ గూడు) పెడితే బండి బరువంతా పైకి జరిగి నీళ్లలో ఊగడం ఎక్కువవుతుంది. ఏసీవీలో 30 ఎంఎం తుపాకీ ఉన్న రకానికి మనిషి కూర్చోని రిమోట్ టరెట్ పెట్టడంలో ఈ ఇబ్బందిని తగ్గించుకునే ఆలోచన కూడా కనిపిస్తుంది.

వేగం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చాలా దేశాల బండ్లకు నీళ్లలో వేగం గంటకు 10, 11, 13 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. ఇంజన్లు చేతకాక కాదు. నీళ్లను చీల్చుకుంటూ పోయే ప్రతిదీ ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు బండి పొడవుకు సమానమయ్యేసరికి ముందొక గట్టు, వెనకొక గట్టు, మధ్య పల్లంలో బండి ఇరుక్కుంటుంది. ఇంకా వేగంగా పోవాలంటే తను లేపిన అలను తనే ఎక్కాలి. 9 మీటర్ల బండికి ఆ హద్దు లెక్క కడితే గంటకు సుమారు 13 కిలోమీటర్లు వస్తుంది. పాత ఏఏవీ వేగం దాదాపు అంతే, ఏసీవీది 11 దగ్గర.

ఈ హద్దును దాటాలని అమెరికా ఒకసారి గట్టిగానే ప్రయత్నించింది. ఈఎఫ్‌వీ అనే బండిని స్పీడ్ బోటులా నీటి పైకి లేచి జారేలా తయారు చేశారు. నీళ్లలో గంటకు 45 కిలోమీటర్ల దాకా పోయేది. దానికోసం చైన్లు లోపలికి ముడుచుకోవాలి, ముందూ వెనకా రెక్కలు తెరుచుకోవాలి, ఇంజన్ 2,700 హార్స్‌పవర్ ఇవ్వాలి. అంటే ఏసీవీ ఇంజన్‌కు దాదాపు నాలుగు రెట్లు. ఒక పదాతి వాహనంలో అంత యంత్రం కుక్కితే అది మాటిమాటికీ చెడిపోయింది, ఖర్చు చేయి దాటింది. 300 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యాక 2011 జనవరిలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాన్ని రద్దు చేయాలని నిర్ణయించారు. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయమే. ఆ బండి తన బలమంతా ప్రయాణంలోని చిన్న భాగం మీద పెట్టింది, బాంబులున్న రోడ్డు మీద దానికి బల్లపరుపు అడుగే మిగిలింది.

కానీ నెమ్మది వేగానికి వేరే ధర ఉంది. 2006లో లెబనాన్ తీరానికి దగ్గర్లో గస్తీ తిరుగుతున్న ఇజ్రాయెల్ యుద్ధనౌక హనిత్‌కు ఒడ్డు నుంచి వదిలిన క్షిపణి తగిలి నలుగురు నావికులు చనిపోయారు. ఇలాంటి క్షిపణుల భయంతోనే పెద్ద ఓడలను శత్రువు తీరానికి దగ్గరగా తేవడానికి నౌకాదళాలు జంకుతాయి. ఈఎఫ్‌వీ కాలంలో ఓడలు 25 నాటికల్ మైళ్ల (సుమారు 46 కిలోమీటర్ల) దూరంలో ఉండాలనుకున్నారు. ఆ దూరాన్ని ఏసీవీ ఈదాలంటే నాలుగు గంటలు పడుతుంది. కిటికీల్లేని డబ్బాలో నాలుగు గంటలు అలల మీద ఊగిన సైనికుడు ఒడ్డు దిగి తుపాకీ పట్టుకునే స్థితిలో ఉండడు. అందుకే ఏసీవీ నుంచి కోరింది 12 నాటికల్ మైళ్ల ఈత, అంటే 22 కిలోమీటర్లు. మిగతా దూరం ఓడ తెగించి దగ్గరికి రావాలి, లేదా వేరే పడవ మోసుకురావాలి.

ఇక ఒడ్డు. నడిసముద్రంలో అల పొడవుగా, నున్నగా పోతుంది. తీరానికి వచ్చేసరికి అడుగు నేల తగిలి దాని కింది భాగం నెమ్మదిస్తుంది, అల ఎత్తు లేచి విరుగుతుంది. సరిగ్గా అక్కడ ఏసీవీ లాంటి బండికి ఏం జరుగుతుందో నిదానంగా చూద్దాం. వెనక నుంచి వచ్చిన అల బండి వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. ముందు భాగం కిందికి వంగి, ముందు చక్రాలు ఇసుకను తాకుతాయి. ఇప్పుడు ముందు నేల పట్టుంది, వెనక లేదు. నీళ్లలో తేలుతున్న వెనక భాగాన్ని అల ఏదో ఒక పక్కకు తోస్తుంది, బండి అడ్డం తిరుగుతుంది. తిప్పుకొని సరిచేసుకోవాలంటే ప్రొపెల్లర్లు నీళ్లలో ఉండాలి, కానీ వెనక లేచి ఉంది, చుట్టూ నురగ. నురగలో ప్రొపెల్లర్‌కు పట్టు దొరకదు. చక్రాలు తిప్పినా బండి బరువులో చాలా భాగాన్ని నీళ్లే మోస్తున్నాయి కాబట్టి టైర్లకూ పట్టు చాలదు. కొన్ని క్షణాలు అది పడవా కాదు, బండీ కాదు. ఆ క్షణాల్లో రెండో అల పక్క నుంచి తగిలితే బోల్తా.

2022 జూలై 19న కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్ తీరంలో, అలలు పెద్దగా ఉన్నప్పుడు, ఒక ఏసీవీ పక్కకు పడిపోయింది, మరొకటి కదలలేక ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో అదే తీరంలో ఇంకో బండి అలల్లో బోల్తా పడింది. రెండుసార్లూ ప్రాణాలు పోలేదు. ఆ తర్వాత అలలు విరిగే ప్రాంతంలోకి ఈ బండ్లు వెళ్లకుండా ఆంక్షలు పెట్టి, సిబ్బందికి మళ్లీ మొదటి నుంచి నేర్పించడానికి ప్రత్యేక శిక్షణ విభాగం ఏర్పాటు చేశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఆ డ్రైవర్లలో చాలామంది పాత చైన్ బండి నడిపి చేయి తిరిగినవాళ్లు. అలను ఏ కోణంలో ఎదుర్కోవాలి, ఎప్పుడు వేగం పెంచాలి అన్నది వాళ్లకు చేతుల్లో ఉన్న విద్య. కొత్త బండి దగ్గర ఆ పాత అలవాటును నమ్ముకుంటే చాలలేదు. కోట్లు పోసి బండి మార్చారు గానీ చేతులు మారడానికి టైమ్ పడుతుందని ఆలస్యంగా గుర్తించారు.

నేల మీద కూడా ఇది ఎత్తైన బండే. 2023 డిసెంబరులో క్యాంప్ పెండిల్టన్‌లోనే నేల మీద నడుస్తూ ఒక ఏసీవీ బోల్తా పడి ఒక మెరైన్ చనిపోయాడు, 14 మంది గాయపడ్డారు.

వీటికన్నా ఘోరం పాత బండితో జరిగింది. 2020 జూలై 30న శాన్ క్లెమెంటే దీవి దగ్గర 16 మందితో ఓడ వైపు తిరిగి వస్తున్న ఏఏవీలోకి నీళ్లు చేరడం మొదలైంది. మునగడానికి 45 నిమిషాలకు పైగా పట్టినా, మనుషులను సకాలంలో బయటికి పంపలేదు. ఎనిమిది మంది మెరైన్లు, ఒక నావికుడు చనిపోయారు. బండి బాగోగులు సరిగా చూడలేదని, బయటపడే శిక్షణ అందరికీ పూర్తిగా ఇవ్వలేదని, పక్కన రక్షక పడవలు లేవని విచారణలో తేలింది. 2021 డిసెంబరులో ఏఏవీలను అత్యవసరమైతే తప్ప నీళ్లలో దించకూడదని నిర్ణయించారు. చైన్ ఉన్నంత మాత్రాన సముద్రంలో భద్రం అనుకునేవాళ్లు ఈ ప్రమాదం గురించి చదవాలి.

సముద్రం మనకు దూరం కావచ్చు, ఈ భౌతికశాస్త్రం మాత్రం దూరం కాదు. ప్రతి వానాకాలం ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో లోలెవల్ వంతెనల మీద జరిగేది ఇదే. ఒక చిన్న కారు అడుగు 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు అనుకుందాం. అడుగు భాగానికి పైన నీరు 10 సెంటీమీటర్లు లేస్తే దాదాపు 680 కిలోల బరువును నీళ్లే మోస్తాయి. 20 సెంటీమీటర్లకు ఆ లెక్క 1,300 కిలోలు దాటుతుంది, అంటే కారు మొత్తం బరువు. తలుపుల్లోంచి నీళ్లు లోపలికి వచ్చేలోపే టైర్లు రోడ్డును వదిలేస్తాయి. తర్వాత వాగు ఎటు తోస్తే అటే. డ్రైవరు స్టీరింగ్ తిప్పుతూనే ఉంటాడు, ఫలితం ఉండదు. బరువు ఎక్కువ కాబట్టి దాటేస్తుందని లారీలను, ట్రాక్టర్లను నమ్ముకుంటాం గానీ, వాటి ట్రాలీలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినప్పుడు జనాన్ని కాపాడటానికి పడవలు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. బరువును నీళ్లు మోసే ఇలాంటి చోటే, తేలడానికి తయారైన 32 టన్నుల బండికీ పట్టు తప్పింది.

ఒడ్డే గండమన్నది మన తీరానికి పాత సంగతే. ఓరుగల్లు నుంచి పాలించిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఎందుకు? తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవాళ్లు. తాను అలా చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు ఇచ్చిన మాట అది. కోరమాండల్ తీరంలో చాలా చోట్ల ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేస్తే మసూలా పడవలు సరుకు మోసేవి. వాటి పలకలకు మేకులుండవు, కొబ్బరి నారతో కుట్టి ఉంటాయి. అల కొట్టినప్పుడు పడవ కొంచెం వంగి ఆ దెబ్బను ఓర్చుకునేది. అలలు విరిగే చోటు కోసమే పుట్టిన పడవ అది, దూర ప్రయాణానికి పనికిరాదు. ఏసీవీ నుంచి మనం కోరుతున్నదేమో సముద్రం, ఒడ్డు, రోడ్డు మూడూ ఒక్క ఉక్కు డబ్బాతో దాటమని.

ఇక మన సైన్యం సంగతి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఫ్యాక్టరీ 1980ల నుంచి బీఎంపీ-2 సారథ్ వాహనాలను తయారు చేస్తోంది. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీగా అందరికీ తెలిసిందే, 2021 నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉంది. సారథ్ చైన్ బండి, 14 టన్నులు, నీళ్లలో చైన్లు తిప్పుతూనే గంటకు 7 కిలోమీటర్లు పోతుంది. పంజాబ్ కాలువలు, నదులు దాటడానికి బాగా సరిపోతుంది. మన తీర విన్యాసాల్లోనూ దీన్నే వాడతారు, కానీ ల్యాండింగ్ ఓడలు ఒడ్డుకు బాగా దగ్గరగా తెచ్చి దించాలి. 2007లో అమెరికా నుంచి కొన్న ఐఎన్ఎస్ జలాశ్వ విశాఖలో ఉన్నది ఇలాంటి పనుల కోసమే. 2019 నవంబరులో విశాఖ, కాకినాడ తీరాల్లో మొదటి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు జరిగినప్పుడు మన సైనికులు అమెరికా మెరైన్లతో కలిసి పనిచేశారు.

ఎనిమిది చక్రాల బండి మనకూ ఉంది. డీఆర్‌డీవో, టాటా కలిసి రూపొందించిన వ్యాప్. నీళ్లలో తేలుతుంది, వెనక రెండు వాటర్ జెట్లు తోస్తాయి. మన సైన్యం కొన్నింటిని లద్దాఖ్‌లో వాడుతోంది. మొరాకో దీన్ని కొన్నది, 2025 సెప్టెంబరులో అక్కడ బెరెచిద్‌లో టాటా ఫ్యాక్టరీ కూడా మొదలైంది. దీన్ని తీరప్రాంత బ్రిగేడ్లకు ఇవ్వవచ్చు కదా అని చాలామంది అంటున్నారు. ఇవ్వవచ్చు, రోడ్డు మీదా గట్టి నేల మీదా సారథ్ కంటే బాగా పనికొస్తుంది. కానీ చెరువులో, నదిలో ఈదడం చూసి బంగాళాఖాతం అలల్లో దించకూడదు. దానికి ముందు కావాల్సింది వేరే. జూలై అలల్లో ముందుగా ఖాళీ బండితో, పక్కనే రక్షక పడవలతో, ఎన్ని అడుగుల అల దాకా దించవచ్చు, ఏ కోణంలో రావాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అని తీరం తీరానికీ రాసుకున్న లెక్క. మునిగిన డబ్బాలోంచి చీకట్లో బయటపడటం ప్రతి సైనికుడికీ చేయించి చూపించిన శిక్షణ. బండి ధరలో అది చిన్న భాగమే అవుతుంది, కానీ బండి ఆర్డరు ఇచ్చిన రోజే దానికీ డబ్బు కేటాయించాలి.